పండిన చిటికెనవేలు

గోరింటాకు పెట్టిన రెండు చేతులూ ముందుకు చాపుకొని సింధూజ కదలకుండా కూర్చున్నప్పుడు ఫోను మోగింది. చాప మీద, మోకాలి పక్కనే ఉంది. తెర మీద "మా ఆయన" అన్న మాటలు వెలుగుతున్నాయి. పెళ్ళైన రోజే ఆ పేరు మార్చి పెట్టుకుంది. అది చూసినప్పుడల్లా బుగ్గల్లో ఏదో చక్కిలిగింత. ఇప్పుడు మాత్రం ముందు అమ్మ వైపు చూసింది.

"అల్లుడుగారే," అని నవ్వి, కమలమ్మ వేళ్ళకంటిన పసరు కొంగుకు తుడుచుకొని ఫోను తీసి కూతురి చెవికి ఆనించింది. "మాట్లాడు. ఆషాఢం గడపకేగాని ఫోనుకు లేదులే."

"సింధూ, రేపు పొద్దున్నే సూర్యాపేట బస్టాండుకొచ్చెయ్. నేను కారు తీస్కొని..."

"ఆఁ, రేపేనండీ! అరుణ వాళ్ళింటికే! రెండు రోజులు చదువుకొని వచ్చేస్తా," అంది సింధూజ, గొంతు పెద్దది చేసి.

అవతల కాస్త ఆగి, "అత్తమ్మ పక్కన్నే ఉందా?" అన్నాడు రాకేష్ గుసగుసగా.

"అవునండీ. చదవాల్సింది చాలా ఉంది."

అతను కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు అమ్మకు ఎక్కడ వినపడుతుందోనని సింధూజ చెవిని ఫోనుకు ఇంకా గట్టిగా అదిమింది. కమలమ్మ మాత్రం గిన్నె అడుగున మిగిలిన ముద్దను గోకుతూ, "పాపం, అరుణకు కూడా కాస్త గోరింటాకు తీసుకుపోవే," అంది.

ఆ మాటతో సింధూజకు ముఖం వేడెక్కింది. స్నేహితురాలి ఇంటికని అమ్మ దగ్గర అబద్ధం చెప్పడం ఇంత సులువని ఆమెకు తెలియదు. సులువు కావడమే ఎక్కువ భయంగా ఉంది.

జ్యేష్ఠంలో పెళ్ళి. ఆ తర్వాత వ్రతం, చుట్టాల భోజనాలు. కాస్త ఊపిరి తీసుకునేలోగా ఆషాఢం. కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తారింట్లో అడుగు పెట్టకూడదు. ఆమె కోదాడ వచ్చేసింది, అతను మిర్యాలగూడలో ఉండిపోయాడు. శ్రావణం వచ్చాక పోదామంటే అప్పటికి అడవి మూసేస్తారు. వానాకాలం పోయేదాకా సఫారీ ఉండదు. నల్లమల చూడాలని, కొండ అంచున నిలబడి కింద లోయంతా చూడాలని సింధూజ ఎప్పుడో అంది. రాకేష్ దాన్ని మరిచిపోలేదు. "ఇప్పుడు పోకుంటే ఇగ పోం," అన్నాడు. అడవికి గడప ఎక్కడుంది అని కూడా అన్నాడు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది.

*

సూర్యాపేటలో బస్సు దిగేసరికి రాకేష్ మూతికి మాస్కు, నెత్తిన టోపీ పెట్టుకొని మిర్చి బజ్జీల బండి చాటున నిలబడి ఉన్నాడు.

"అచ్చం దొంగలా ఉన్నావ్."

"దొంగనే గద. నా పెండ్లాన్ని నేనే ఎత్తుకపోతున్న."

సింధూజ పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వుతూనే చుట్టూ చూసింది. కోదాడ బస్సుల్లో సగం మంది నాన్నకు తెలిసినవాళ్ళే. కారు ఎక్కాక నల్లగొండ దాటేదాకా తల వంచుకునే ఉంది. ఎదురుగా వచ్చే ప్రతి కారులోనూ ఒక పెదనాన్నో మేనత్తో కూర్చుని ఉన్నట్టే అనిపించింది. దేవరకొండ దాటాక గానీ సీటులో సరిగ్గా కూర్చోలేదు. కూర్చున్నాక సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, "చెయ్యి ఇటివ్వు," అంది.

"ఏంది? గోరింటాకా? నాకా?"

"చిటికెనవేలికి ఒక్కదానికి. మగవాళ్ళకు ఎంత బాగా పండితే అంత ప్రేమంట."

"గదెవరు జెప్పిన్రు?"

"నేనే."

పచ్చటి ముద్ద అద్ది, చాక్లెట్ కాగితంతో చుట్టి దారం కట్టింది. రాకేష్ ఎడమచేతి చిటికెనవేలిని పైకెత్తి పెట్టుకొని, మిగతా వేళ్ళతో స్టీరింగ్ పట్టుకొని నడిపాడు. ఆ వేలిని చూసినప్పుడల్లా ఇద్దరికీ నవ్వే. దిండి చెరువు గట్టు దగ్గర ఉండగా అతని తల్లి ఫోను చేసింది.

"ఆఁ అమ్మా, హైదరాబాద్ల దిగిన. దుకాణంలనే ఉన్న. మిల్లు మిషను సామాను సూస్తున్న. తిన్న, తిన్న. రేపు మాపటికొస్త."

ఎంత నున్నగా చెప్పాడు! ఎక్కడా తడబడలేదు. సింధూజ ముఖం తిప్పి నీళ్ళకేసి చూసింది. తాను నిన్న చెప్పిందీ అలాంటిదేగా అని సర్దిచెప్పుకుంది.

"అత్తమ్మకు తెలిస్తే?"

"తెలిస్తే ఖతం," అన్నాడు రాకేష్. "మా అమ్మ తిట్టది, సింధూ. తిడితే మంచిగనే ఉండు. మాట్లాడుడు బంద్ జేస్తది. మా పెద్దమ్మ కొడుకు ఒక్క అబద్ధం జెప్పిండని ఏండ్లకేండ్లు మాట్లాడలే. గాయన వస్తె మంచినీళ్ళిస్తది, అన్నం పెడ్తది, మాట మాత్రం రాదు."

తిట్టే అత్తను ఎలా మెప్పించాలో సింధూజ మనసులో ఎన్నోసార్లు అనుకుంది. మాట్లాడని అత్త సంగతి ఎన్నడూ అనుకోలేదు.

*

మన్ననూరు దాటకముందే తుంపర మొదలైంది. ఎవరో స్నేహితుడు చెప్పిన ప్రైవేటు కాటేజీల ముందు రాకేష్ కారు ఆపాడు. రేకుల వసారా, ఒక బల్ల, బల్ల వెనక గళ్ళ చొక్కా మనిషి. అతన్ని వంటావిడ "నర్సింహన్నా" అని పిలుస్తోంది. బల్లకు ఇవతల అప్పటికే ఒక జంట నిలబడి ఉంది. ఆ అబ్బాయి ప్లాస్టిక్ కవరులోంచి కాగితం ఒకటి తీసి చూపిస్తున్నాడు. అమ్మాయి ముఖం చుట్టూ చున్నీ కట్టుకుంది. బ్యాగును రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది.

"రిజిస్టర్ మ్యారేజన్నా. సర్టిఫికెట్ సూడు. నా పేరు గోపి, ఈమె జమునా. ఇద్దరి ఫొటోలు ఉన్నయ్ గద."

"కాగితం నేను కాదంటలేను తమ్మీ. పెద్దోళ్ళ నంబరొకటియ్యి. అమ్మో నాయినో, ఎవరో ఒకరు 'మా పిల్లలే' అని ఒక్క మాటంటె తాళమిస్త."

"వాళ్ళు గా మాటనేటోళ్ళయితే నేనీ కాగితం పట్టుకొని ఎందుకు తిరుగుత అన్నా?"

నర్సింహ తల గోక్కున్నాడు. "మొన్నొక జంట దిగిన్రు. తెల్లారేసరికి రెండు కార్లల్ల మనుషులొచ్చిన్రు. అద్దాలు పలిగినయ్. ఓనరు నా మీదవడ్డడు. నాకూ పిల్లలున్నరు. ఏమనుకోకు."

గోపి కాగితాన్ని మడత నలగకుండా కవరులో పెట్టుకున్నాడు. ఇద్దరూ పక్కకు జరిగారు.

రాకేష్ ముందుకొచ్చి ఆధార్ కార్డులు పెట్టాడు.

"మిర్యాలగూడ," అన్నాడు నర్సింహ నెమ్మదిగా. తలెత్తి ఇద్దరినీ చూశాడు. "మేడంది కోదాడ. ఇంటిపేర్లు వేరే ఉన్నయ్ సార్."

సింధూజ రాకేష్ పక్కకు జరిగింది. ఇప్పుడు పెద్దల నంబరు అడుగుతాడు. ఇప్పుడే అడుగుతాడు. రాకేష్ ఫోను తీసి పెళ్ళి ఫొటోలు తెరిచాడు. పూల పందిరి, పట్టుచీరలు, తలల మీద అక్షింతలు వేస్తున్న పెద్దవాళ్ళు, వరసలో నిలబడ్డ చుట్టాలు. నర్సింహ రెండు ఫొటోలు చూశాడో లేదో ముఖం విచ్చుకుంది.

"అబ్బో, గ్రాండ్‌గ జేసిన్రు సార్! ముందే జెప్పొద్దా?" చాక్లెట్ కాగితం చుట్టిన వేలు చూసి పకపకా నవ్వాడు. "గోరింటాకు గూడానా! కొత్త జంట, తెలుస్తనే ఉంది." తాళం బల్ల మీద పెట్టాడు.

తాళం తీసుకునేటప్పుడు సింధూజ వెనక్కి చూసింది. జమునా చూపులు ఆ ఫొటోల మీదే ఉన్నాయి. ఆ చూపులో అసూయ ఉంటే బాగుండేదనిపించింది. ఏమీ లేదు. అలవాటైనదాన్ని చూసినట్టు చూసింది.

గదిలోకి వచ్చాక సింధూజకు గుర్తొచ్చింది. తమ పెళ్ళి ఇంకా రిజిస్టరే కాలేదు. వాళ్ళ దగ్గరున్న కాగితం తమ దగ్గర లేదు.

*

గది కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. రోడ్డు పక్కన బస్సు షెల్టరు, అందులో వాళ్ళిద్దరూ. గోపి రోడ్డుకు ఎదురుగా కూర్చున్నాడు. కారు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు. అది దాటిపోయాక కూర్చుంటున్నాడు.

"చీకటి పడ్డాక అడవి రోడ్డుకు గేటేస్తారట కదా. ఇక బస్సు కూడా రాదు," అంది సింధూజ.

"మనకెందుకు సింధూ? మనమే దొంగతనంగ వచ్చినం." రాకేష్ వేలి మీది కాగితం విప్పుకుంటున్నాడు. ఎండిన ముద్ద రాలి, కింద లేత నారింజ రంగు బయటపడింది. "సూడు, మంచిగ పండుతది. జర స్నానం జేసొస్త."

నీళ్ళ చప్పుడు మొదలైంది. సింధూజ కాసేపు మంచం మీద కూర్చుంది. లేచి గోరింటాకు డబ్బా, గొడుగు తీసుకొని బయటికి నడిచింది.

షెల్టరులో జమునా జరిగి చోటిచ్చింది. సింధూజ డబ్బా మూత తీసింది. "మా అమ్మ రుబ్బింది. కొంచెం ఎండిందిగాని పండుతుంది. పెట్టనా?"

అమ్మాయి గోపి వైపు చూసింది. అతను తల ఊపాడు. ఒక చెయ్యి చాపింది. రెండో చెయ్యి మాత్రం బ్యాగు మీది నుంచి తీయలేదు.

"ఏ ఊరక్కా మీది?" అంది కాసేపటికి.

"కోదాడ. మీది?"

"ఈనది చివ్వెంల. నాది మాడుగులపల్లి కాడ తండా. చిన్నప్పుడు మా గేమ్యా తాత చెప్పేటోడు, ఈ అడవిల పులుంటదని. సూడాలని వచ్చినం." చున్నీలోంచే నవ్వింది. "రేపు జీపుకు పేర్లు రాయించినం. పొద్దటిదాక ఈడనే కూసుంటం. ఏం కాదు."

ఏం కాదు అన్న మాట గోపిని చూస్తూ అంది. అప్పుడే ఒక కారు మలుపు తిరిగింది. గోపి లేచి నిలబడ్డాడు. సింధూజ వేలి కింద జమునా అరచెయ్యి బిగుసుకుపోయింది. కారు వెళ్ళిపోయింది. తనూ పొద్దుటి నుంచీ కార్లను చూసి తల వంచుకుంది. దొరికితే మాటలు పడాలి, లేదా మాటలు పోతాయి. వీళ్ళకు పోయేది వేరు.

సింధూజ నేరుగా నర్సింహ బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఆ అమ్మాయి మా చెల్లెలే. తాళం ఇవ్వండి."

"ఇప్పుడే చెల్లెలయిందా మేడం?" నర్సింహ నవ్వాడు. "మీ పెద్దోళ్ళతోని చెప్పియ్యున్రి. నేనొద్దంటనా?"

ఫోను చేతిలోనే ఉంది. అమ్మకు చేస్తే ఏడుపు, ఆ ఏడుపు వీధంతా వినపడుతుంది. మామయ్య వెంకటేశ్వర్లుకు చేస్తే ఆయన పలికేది ఒక్కటే మాట, "ఆగు, మీ అత్తకిస్తున్న." ఎటు తిరిగినా ఒకే గొంతు. సింధూజ అత్తమ్మ పేరు వెతికింది. వేలు తెర మీద జారింది. మళ్ళీ నొక్కింది.

"చెప్పు బిడ్డా," అంది జానకమ్మ. "వాన సప్పుడొస్తంది. కోదాడల వానా?"

"కోదాడలో లేను అత్తమ్మా. మన్ననూరు దగ్గర, అడవి పక్కన. ఆయన కూడా... ఇక్కడే ఉన్నారు."

అవతల కుక్కరు కూత వేసింది. ఆ కూత పూర్తిగా ఆగేదాకా జానకమ్మ ఏమీ అనలేదు. ఆగాక కూడా అనలేదు.

"ఇంకో జంట ఉన్నారత్తమ్మా. పెళ్ళైనవాళ్ళే. పెద్దవాళ్ళు చెబితేగాని గది ఇవ్వనంటున్నారు. వానలో కూర్చున్నారు. మీరు ఒక్క మాట..."

ఎవరు వాళ్ళు అని అడుగుతుందని ఎదురుచూసింది. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

"ఫోను గా మనిషికియ్యి," అంది జానకమ్మ.

నర్సింహ కూర్చునే ఫోను తీసుకున్నాడు. "హలో... ఆఁ అమ్మా... లేదమ్మా, అట్లేం గాదమ్మా..." అంటూ లేచి నిలబడ్డాడు. "నలుగురూనా... సరేనమ్మా." ఫోను తిరిగి ఇచ్చేటప్పటికి అవతల పెట్టేసి ఉంది.

"నలుగురు మా ఇంటి పిల్లలే, ఒక్కలు వానల తడిసినా రేపు పొద్దుగాల నీ బల్ల ముందట నేనుంట అన్నది. మీ అత్తగారా మేడం?" అంటూ రెండో తాళం తీశాడు.

గదిలో రాకేష్ తుండుతో తల తుడుచుకుంటున్నాడు. సంగతి విని, "ఎవరికి జేసినవ్?" అన్నాడు.

"అత్తమ్మకు."

"మా అమ్మకా!" తుండు నెత్తి మీదే ఉండిపోయింది. మెల్లగా మంచం అంచున కూర్చున్నాడు. ఫోను తీసి తల్లికి చేశాడు. మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. తీయలేదు.

"తిడితే బాగుండు," అన్నాడు చిన్నపిల్లాడిలా. ఫోను బోర్లించి పక్కన పెట్టాడు. చివరికి అన్నాడు, "నేనయితే చెయ్యకపోదును సింధూ. నాకు ధైర్యం సాలదు." అది మాత్రం అబద్ధం కాదు.

*

పొద్దున్నే జీపులో వాళ్ళ నలుగురితో పాటు నాగార్జున సాగర్ నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లు ఎక్కారు. వాన వెలిసింది. చెట్ల నుంచి మాత్రం నీళ్ళు ఇంకా రాలుతూనే ఉన్నాయి. అడవిలోకి వెళ్ళగానే ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. సింధూజకు హాయిగా అనిపించింది. మరుక్షణమే, ఇప్పుడు అత్తమ్మ చేస్తే కలవదే అని గుబులు పుట్టింది.

చుక్కల దుప్పులు దారికి అడ్డంగా నిలబడి, జీపును చూసి చెవులు తిప్పి, తాపీగా లోపలికి నడిచాయి. "అదిగో, అదిగో!" అని సింధూజ అరవబోయి నోరు మూసుకుంది. నెమలి ఒకటి తడిసిన తోకను ఈడ్చుకుంటూ పోయింది. ఆకుల మీది నీటి బొట్లలో ఎండ పడి అడవంతా పూసలు కట్టినట్టుంది. ఒకచోట బురదలో పులి అడుగు కనిపిస్తే డ్రైవరు బండి ఆపి ఇంజను కట్టేశాడు.

కొండముచ్చు ఒకటి ఎక్కడో దగ్గినట్టు అరిచింది. ఇంకోటి అందుకుంది. "పులిని సూసినట్టుంది. సప్పుడు చెయ్యకున్రి," అన్నాడు డ్రైవరు. అందరూ ఊపిరి బిగబట్టారు. గడ్డి కదిలింది. రాకేష్ సింధూజ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతని చిటికెనవేలు రాత్రికి రాత్రే చెంగావి రంగుకు తిరిగింది. పులి కోసం చూడాల్సిన సింధూజ ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. రేపటికి ఇంకా ఎర్రబడుతుంది. కడిగితే పోదు. అత్తమ్మ ఒక్కతికి తెలియడం వేరు, వీధిలో ఆడవాళ్ళందరికీ తెలియడం వేరు.

పులి రాలేదు.

పైన జీపు దిగి, తడి బండల మీదుగా కొంత దూరం నడిచి కొండ అంచుకు వెళ్ళారు. కింద లోయలో మబ్బు పాలపొంగులా కదులుతోంది. మబ్బు జరిగినచోట ఆకుపచ్చ, దాని వెనక ఇంకో కొండ, దాని వెనక ఇంకోటి. జమునా అంచు రాయి మీద కూర్చొని మొదటిసారి చున్నీ విప్పింది. గాలికి జుట్టు ఎగిరింది. ఎంత చిన్న ముఖమో! బ్యాగు పక్కన రాయి మీద పెట్టింది. గోపి కూడా అప్పుడు రోడ్డువైపు కాకుండా లోయవైపు తిరిగి కూర్చున్నాడు.

కిందికి దిగాక ఆమె మళ్ళీ చున్నీ కట్టుకుంది. శ్రీశైలం బస్సు ఎక్కుతూ ఒక అరచెయ్యి ఊపింది. మధ్యలో ఎర్రటి చుక్క. ఎక్కడికి పోతారని సింధూజ అడగలేదు.

సిగ్నల్ వచ్చింది. అత్తమ్మ దగ్గర నుంచి ఏమీ లేదు.

*

కోదాడ వచ్చి రెండు రోజులైంది. సింధూజకు అన్నం సహించడం లేదు. అరుణ ఎలా ఉందని అమ్మ అడిగితే ఉలిక్కిపడుతోంది. రాకేష్ ఫోనులో గుసగుసగా చెప్పేది ఒక్కటే. "అన్నం పెడ్తంది. మాట లేదు. వేలు సూసింది. నేను చెయ్యి జేబుల పెట్టుకొని తిరుగుతున్న."

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. కమలమ్మ వెళ్ళి చూసి, "అయ్యో వదినగారూ! మీరా!" అంది. సింధూజ చేతిలోని గ్లాసు పక్కన పెట్టి లేచింది.

"హుజూర్‌నగర్ల మా అక్కను సూడవోయిన. అట్నే ఇట్లొచ్చిన," జానకమ్మ గేటు బయటే నిలబడింది. "లోపలికి రాను వదినె, ఆషాఢం గద. గీడ్నే ఒక కుర్చీ వెయ్యి. మీ గోరింటాకు చెట్టు మంచిదని సింధూజ చెప్పింది. జర ఆకిస్తె పోత."

"ఆకెందుకు, రుబ్బిందే ఉంది. టీ పెట్టుకొస్తా," అని కమలమ్మ గేటు బయట చెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసి వంటింట్లోకి పరిగెత్తింది.

సింధూజ గోరింటాకు గిన్నెతో గేటు ఇవతల నిలబడింది. మధ్యలో ఇనుప ఊచలు. అమ్మకు చెప్పడానికే వచ్చిందా?

"చేసింది తప్పు," అంది జానకమ్మ. "వాడు నాకు చెప్పలే. నువ్వు చెప్పినవ్. అందుకే నీతోని మాట్లాడుతున్న. వానితోని ఇంకా లేదు."

"తప్పే అత్తమ్మా."

"గా పిల్లలెవరు?"

స్నేహితులని చెప్పొచ్చు. నాలుక చివరన సిద్ధంగా ఉంది. సింధూజ మింగేసింది. "నాకు తెలిసినవాళ్ళు కాదత్తమ్మా. అబ్బాయిది చివ్వెంల. అమ్మాయి తండా అమ్మాయి. ఇళ్ళల్లో ఒప్పుకోలేదు. వెతుకుతున్నారట."

జానకమ్మ రోడ్డు వైపు చూసింది. ట్రాక్టరు ఒకటి పోయింది. దాని దుమ్ము సద్దుమణిగేదాకా అలాగే చూసింది.

"అనుకున్న," అంది. "ముందుగాల తెలిస్తె ఆ మాట అందునో లేదో, నాకే తెల్వదు బిడ్డా. అందుకే అడగలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆడపిల్ల వానల కూసుందన్నవ్. గంతవరకే ఇన్న."

వంటింట్లో గిన్నెల చప్పుడు. జానకమ్మ కుర్చీ గేటుకు దగ్గరగా జరుపుకుంది.

"వాని వేలు పండి కూసుంది. వాడలందరు నవ్వుతున్నరు, ఆషాఢంల ఎవరు పెట్టిన్రని. మీ మామ గూడ అడిగిండు." ఊచల సందులోంచి ఎడమచెయ్యి లోపలికి పెట్టింది. "నాకు పెట్టు. నా చెయ్యి సూపెట్టి, మిగిలింది వానికి నేనే అంటించిన అని చెప్త. తొందరగ పెట్టు, మీ అమ్మొస్తది."

సింధూజ ఆ చెయ్యి పట్టుకుంది. గరుకు అరచెయ్యి అది. మధ్యలో గుండ్రంగా అద్దింది. వేళ్ళ చివర్లకు టోపీలు పెట్టింది.

"గా పిల్లకు గూడ పెట్టినవా?"

"ఒక చేతికే. ఇంకో చెయ్యి బ్యాగు మీంచి తీయలేదత్తమ్మా."

జానకమ్మ ఒళ్ళో ఉన్న తన చేతిసంచిని చూసుకుంది. దాన్ని తీసి కింద, మట్టిలో పెట్టింది. కుడిచెయ్యి కూడా ఊచల్లోంచి లోపలికి చాపింది.